పాత తుపాకీకి వెతికి తెచ్చిన భాగమా, కొత్తగా చేయించిన భాగమా: ఏది మేలు?

ఒకప్పుడు షికారు అలవాటున్న హైదరాబాద్ కుటుంబాల్లో 12 బోరు డబుల్ బ్యారెల్ తుపాకులు (షాట్‌గన్లు), .315 రైఫిళ్లు వారసత్వంగా వస్తున్నాయి. వాటిలో ఏ స్ప్రింగో విరిగితే యజమానికి రెండు దారులున్నాయి: అదే రకం పాత భాగాన్ని వెతికి తేవడం, లేదా లైసెన్సు గల మరమ్మతుదారు చేత కొత్తది చేయించడం. షాట్‌గన్‌కు చేయించడం మేలని, రైఫిల్‌కు వెతకడం మేలని నా అభిప్రాయం.

పాత ఇంగ్లీషు షాట్‌గన్లలో ప్రతి భాగాన్నీ పనివాడు ఆ ఒక్క తుపాకీకి సరిపడేలా ఆకురాయితో అరగదీసి కూర్చాడు. అందువల్ల ఒకే కంపెనీవి, ఒకే నమూనావి అయిన రెండు తుపాకుల స్ప్రింగులు కూడా ఒకదానికొకటి సరిపోతాయన్న భరోసా లేదు. ఎంతో శ్రమపడి తెచ్చిన అసలు భాగాన్నీ చివరికి మళ్లీ అరగదీయవలసిందే. మంచి పనివాడు కొత్త భాగానికి దీపపు మసి పట్టించి లోపల అమర్చి చూస్తాడు. మసి చెరిగిన చోట మాత్రమే, వెంట్రుక మందాన అరగదీస్తాడు. స్ప్రింగు మీద ఆకురాయి గీతలను నిలువునా మాత్రమే ఉండనిస్తాడు, ఎందుకంటే అడ్డగీత ఉన్న చోటే తర్వాత పగులు పుడుతుంది. ఆపైన ఎర్రగా కాల్చి నూనెలో ముంచి, మళ్లీ నీలిరంగు తేలేదాకా సన్నని సెగ చూపిస్తాడు. ఇంత ఓపికగా చేసిన స్ప్రింగు, ఎన్నేళ్లు వాడారో తెలియని పాతదానికంటే నమ్మదగినది.

రైఫిల్ సంగతి వేరు. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీలో తయారైన .315 స్పోర్టింగ్ రైఫిల్, పాత బ్రిటిష్ సైనిక రైఫిలైన లీ-ఎన్‌ఫీల్డ్ పద్ధతిలోనిది. దాని చిన్న భాగాలు చాలావరకు మార్చుకోవడానికి వీలైనవే కనుక, ఎక్స్‌ట్రాక్టర్ (కాల్చిన తూటా గుల్లను బయటికి లాగే కొక్కెం) వంటిదాన్ని లైసెన్సు గల డీలరు ద్వారా వెతకడమే చవక. తూటా వెనుక ఆనుకునే బోల్ట్ హెడ్ మార్చినప్పుడు మాత్రం, ఆ ఖాళీని గేజి అనే కొలత పనిముట్టుతో కొలిపించకుండా ఒక్క తూటా కూడా కాల్చకూడదు, ఎందుకంటే అక్కడ ఖాళీ ఎక్కువైతే తూటా గుల్ల చిట్లే ప్రమాదం ఉంది.

విడిభాగాల కోసం మరో పాత తుపాకీనే కొనే ఆలోచన నేడు లాభసాటి కాదు. ఆయుధ చట్టానికి 2019లో జరిగిన సవరణ తర్వాత ఒక వ్యక్తి వద్ద ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది, వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోకే వస్తాయి. 1959 ఆయుధ చట్టం ప్రకారం తుపాకీ భాగాలూ ఆయుధాల కిందికే వస్తాయి, మరమ్మతు వృత్తికీ లైసెన్సు తప్పనిసరి. కాబట్టి ఇవి జుమ్మేరాత్ బజారు వంటి పాత సామాన్ల సంతలో వెతికే సామాన్లు కావు.

లోపం బ్యారెల్‌లోనే, అంటే గొట్టంలోనే ఉంటే ఈ రెండు దారులూ పనికిరావు. మెలికల చారలు కనిపించే డమాస్కస్ గొట్టాలు చాలావరకు నల్ల తుపాకీమందు (బ్లాక్ పౌడర్) కాలానివి. వాటిలో నేటి తూటా వేయడం ప్రాణాపాయం. మామూలు ఉక్కు గొట్టమైనా, చాలా పాత ఇంగ్లీషు తుపాకుల ఛాంబర్ (తూటా కూర్చునే భాగం) రెండున్నర అంగుళాలే. రెండు ముప్పావు అంగుళాల తూటా కొనేముందు ఛాంబర్‌ను కొలిపించడం అవసరం. అలా కాల్చకుండా పక్కన పెట్టిన తుపాకీ అయినా, మరమ్మతుతో పేలగలిగినదైతే దానికి లైసెన్సు ఉండి తీరాలి.