పామాయిల్ గెల: రంగు చూసి కొయ్యాలా, రాలిన పండ్లు చూసి కొయ్యాలా?

అశ్వారావుపేట వైపు కొత్తగా కోతకు వచ్చిన తోటల వాళ్లు నన్ను తరచూ అడిగేది ఇదే. కూలీలు దొరికిన రోజున ఎర్రబడ్డ గెలలన్నీ దింపేయాలా, పండ్లు రాలేదాకా ఆగాలా?

రంగు చూసి కోస్తే పని సుఖం. ఒక్క చుట్టులో తోట అయిపోతుంది, పాదుల్లో పండ్లు ఏరే తిప్పలు తక్కువ. కాకపోతే బయటి పండ్లు ఎర్రబడ్డా గెల లోపలివి ఇంకా పాలిపోయే ఉంటాయి.

నేను రాలిన పండ్ల వైపే. ఆకుల్లో తయారైన చక్కెర సుక్రోజుగా గెల కాడ గుండా పండుకు చేరుతుంది. అక్కడ గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోయి, ఇంకా విరిగి, కణాల్లోని ప్లాస్టిడ్లనే చిన్న భాగాల్లో కొవ్వు ఆమ్లాలవుతుంది. అవి మూడేసి చొప్పున గ్లిసరాల్‌కు అతుక్కుంటే నూనె. పూత నుంచి గెల పండేసరికి ఐదున్నర, ఆరు నెలలు పడుతుంది. గింజ లోపలి పప్పులో నూనె సుమారు 12వ వారానికే మొదలవుతుంది. గుజ్జులో మాత్రం 16వ వారం ప్రాంతంలో గానీ మొదలవదు, ఎక్కువ భాగం చివరి వారాల్లోనే చేరుతుంది. వారం ముందు కోసిన గెలలో మనం వదులుకునేది ఆ నూనెనే.

‘కుప్ప వేస్తే మగ్గుతుందిలే’ అంటారు. మామిడికాయ గడ్డిలో మగ్గి తియ్యబడేది లోపల దాచుకున్న పిండిపదార్థం చక్కెరగా మారడం వల్ల. పామాయిల్ గుజ్జులో అలాంటి నిల్వ పెద్దగా ఉండదు. కాడ తెగితే చక్కెర రావడం ఆగిపోతుంది, ఇక నూనె చెప్పుకోదగ్గంతగా పెరగదు. (ఖర్జూరం దీనికి చుట్టమే, కానీ వచ్చిన చక్కెరను చక్కెరగానే దాచుకుంటుంది.)

తూకానికే కదా డబ్బు అనేవాళ్లూ ఉన్నారు. నిజమే, కానీ టన్ను ధర కట్టేటప్పుడు అందరి గెలలూ కలిపి మిల్లులో దిగిన నూనె శాతాన్ని చూస్తారు. నా పచ్చి గెల పక్క రైతు ధరకూ చేటే.

బాగా ముగ్గేదాకా వదిలేయడం మూడో దారి. దాని గురించి చెప్పేదేం లేదు: పండ్లు రాలి చేజారతాయి, నలిగినవాటిలో నూనె విరిగి ఫ్రీ ఫ్యాటీ యాసిడ్లు (గ్లిసరాల్ నుంచి విడిపోయిన కొవ్వు ఆమ్లాలు) పెరుగుతాయి.

15 రోజులకోసారి కోసేవాణ్ణి, ఇప్పుడు 10 రోజులకు మార్చా. కూలి ఖర్చు పెరిగింది, కాదనను. పాదులో ఐదు నుంచి పది పండ్లు కనిపిస్తేనే ఆ గెలకు ఉలి పెట్టమన్నా. కోసింది 24 గంటల్లో మిల్లుకు వెళ్లాలి, ట్రాక్టర్‌తో నాకు టెన్షన్ అంతా అక్కడే.