ఏటా హేవ్‌లాక్: ఫెర్రీ ప్రయాణంతో సహా మా సమీక్ష

సంక్రాంతి సెలవులకి అండమాన్‌లోని హేవ్‌లాక్‌కి వెళ్ళడం మా ఇంట్లో అలవాటైపోయి చాలా ఏళ్ళయింది. 2018 చివర్లో దాని పేరు స్వరాజ్ ద్వీప్‌గా మార్చారు. మా నోట్లో మాత్రం ఇంకా హేవ్‌లాకే.

దసరా దాటిందంటే చాలు, ఇంట్లో అదే ధ్యాస. పిల్లలు అటక మీది స్నార్కెల్ మాస్కులు దింపమని వెంటపడతారు. మా ఆయన మెట్రోలో నిలబడే ఫెర్రీ టైమింగులు చూస్తుంటారు. "సముద్రం కోసం అంత దూరం ఎందుకమ్మా, వైజాగ్‌లో లేదా?" అని మా అత్తయ్య ఏటా అడుగుతారు. వైజాగ్‌కి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి దిగిపోతాం. ఇక్కడ విమానం దిగాక కూడా ఇంకో సముద్రం దాటాలి. నాకు నచ్చేదే అది. శంషాబాద్‌లో బయల్దేరిన ఆఫీసు టెన్షన్ పోర్ట్ బ్లెయిర్ దాకా వెంట వస్తుంది గానీ, జెట్టీ దాటి రాదు.

పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) నుంచి హేవ్‌లాక్ సుమారు 40 కి.మీ. ప్రైవేటు ఎసి బోట్ గంటన్నరలో చేరుస్తుంది. ప్రభుత్వ ఫెర్రీకి రెండున్నర గంటలు. రెండూ ఎక్కాం, నా ఓటు ప్రభుత్వ ఫెర్రీకే. ఎసి బోట్లో మాకు ఎక్కువసార్లు బిగించిన కిటికీలే దొరికాయి. బయట నీళ్ళు ఎగిరిపడి అద్దం నిండా ఉప్పు మరకలు కట్టాక చూడ్డానికేం మిగలదు. ప్రభుత్వ ఫెర్రీలో డెక్ మీద నిలబడొచ్చు. పక్కనే కూరగాయల బస్తాలు, కోడిగుడ్ల ట్రేలు, బెంగాలీలో కబుర్లాడుకునే ఊరివాళ్ళు. అదృష్టం బాగుంటే ఎగిరే చేపలు. కాకపోతే దీవివాసులకి ప్రాధాన్యం ఉంటుంది కాబట్టి మనలాంటివాళ్ళకి టికెట్ దొరకడం గగనమే. దొరక్కపోతే మారుమాట్లాడకుండా ఎసి బోట్ తీసుకోండి.

కడుపులో తిప్పుతుందని భయపడేవాళ్ళు ముందు వరసలు వద్దనండి, అక్కడే కుదుపు ఎక్కువ. మధ్యలోనో వెనకో కూర్చుని, ఫోన్ లోపల పెట్టేసి దూరంగా చూస్తుండాలి. మా చిన్నదానికి అల్లం మురబ్బా పనిచేస్తుంది. జెట్టీలో గుర్తింపు కార్డు చూపించాలి, పిల్లలవి కూడా మర్చిపోవద్దు.

అసలు జాగ్రత్త తిరుగు ప్రయాణంలో. ఒక డిసెంబరులో ట్రావెల్ ఏజెంటు పొద్దున ఫెర్రీకి, మధ్యాహ్నం విమానానికి ముడిపెట్టి టికెట్లు తీశాడు. వాయుగుండం వచ్చి ఫెర్రీలు ఆపేశారు. విమానం డబ్బు పోయింది, ఏజెంటు ఫోన్ ఎత్తలేదు. అప్పటినుంచి చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్లోనే ఉంటున్నాం. వర్షాకాలంలో అయితే ఒక రోజు కూడా చాలదేమో.

ఇక దీవి. రాధానగర్ బీచ్ పడమటి వైపు ఉంది, పొద్దు సముద్రంలోకి దిగడం అక్కడే చూడాలి. అయితే మన గడియారంతో పోలిస్తే అక్కడ అన్నీ ముందే. సంక్రాంతి రోజుల్లో ఐదున్నర కల్లా సూర్యుడు వెళ్ళిపోతాడు. భోంచేసి ఒక కునుకు తీసి తీరిగ్గా వెళ్దామనుకుంటే అంతే సంగతులు. తూర్పున విజయనగర్ బీచ్‌లో పోటు ఉంటేనే ఈత, ఆటు మొదలయ్యాక రాళ్ళు తేలతాయి. గవ్వలు, పగడాలు ఏరి తెచ్చుకోవడం నిషేధం, పిల్లలకి విమానంలోనే చెప్పి ఉంచండి.

ఇదివరకు ఫోన్ అసలు పలికేది కాదు. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక నయమైంది, మా ఆయన మేనేజరుకి కూడా ఆ సంగతి తెలిసిపోయింది, అదొక్కటే బాధ.

నాలుగు రోజుల్లో మూడు దీవులు చూపిస్తామనే ప్యాకేజీలు మాకు పడవు. సగం సెలవు జెట్టీ లైన్లోనే పోతుంది. పక్కనున్న నీల్ దీవి కూడా చూడాలనుంటే ఇంకో రెండు రాత్రులు కలుపుకోండి, లేదా వచ్చే ఏడాదికి ఉంచండి.