కుందేళ్ల ఈతల లెక్కకు ఇంట్లో తయారైన సాఫ్ట్‌వేర్

నా కుందేళ్ల కోసం తమ్ముడు రాసిచ్చిన ఈ సాఫ్ట్‌వేర్‌ను మూడు ఈతల (కాన్పుల) నుంచి వాడుతున్నాను. జత కట్టించిన తేదీ ఎక్కిస్తే చాలు, 28వ రోజున తల్లి ఈనేందుకు బోనులో గూడు పెట్టె పెట్టమని గుర్తుచేస్తుంది. ఈనేది దాదాపు 31వ రోజున కాబట్టి ఆ హెచ్చరిక ఎంతో విలువైనది. మొన్న బూడిదరంగు తల్లి పొట్ట మీది బొచ్చు పీకి గడ్డిపై పరుస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. నోటుపుస్తకం రాసే రోజుల్లో తేదీ తప్పి, పిల్లలు బోను తీగల నేల మీదే చల్లబడి పోయాయి. ఆ ఉదయాన్ని మరిచిపోలేను.

పుట్టిన పిల్లల లెక్క, బతికిన వాటి లెక్క సాఫ్ట్‌వేర్‌లో వేర్వేరు గడుల్లో ఉండాలి. పిల్లలను మరో తల్లి దగ్గరకు మార్చినప్పుడు నమోదులోంచి కన్నతల్లి చెవి నంబరు చెరిగిపోవడం మాత్రం పెద్ద లోపం. రేపు తోబుట్టువులనే జత కట్టిస్తే ఎలా తెలుస్తుంది? ముందు అది సరిచేయమన్నాను.