శ్రీకాకుళంలో హెపటైటిస్ బి ప్యాకేజీ: రక్తం తీయడం బాగుంది, రిపోర్టుతోనే తిప్పలు

శ్రీకాకుళం పట్టణంలో ఓ ప్రైవేటు ల్యాబ్ ‘హెపటైటిస్ బి పూర్తి ప్యాకేజీ’ అమ్ముతోంది. అందులో నాలుగే ఉన్నాయి: హెచ్‌బీఎస్‌ఏజీ (వైరస్ పైతొడుగు పదార్థం, ఉంటే వైరస్ ఒంట్లో ఉన్నట్టు), యాంటీ హెచ్‌బీఎస్ (ఆ పైతొడుగు మీద పనిచేసి రక్షణ ఇచ్చే యాంటీబాడీ), యాంటీ హెచ్‌బీసీ ఐజీఎం (వైరస్ లోపలి కోర్ భాగం మీద మొదట్లో వచ్చే యాంటీబాడీ), లివర్ ఫంక్షన్ టెస్ట్.

రక్తం తీసే పద్ధతికి వంక పెట్టలేం. పరగడుపున రమ్మనరు, ఈ పరీక్షలకు అక్కర్లేదు కూడా. జెల్ ఉన్న పసుపు మూత ట్యూబులో 5 మి.లీ. తీసి, అరగంట గడ్డకట్టనిచ్చాకే సెంట్రిఫ్యూజ్‌లో పెడతారు. తొందరపడితే సీరంలో ఫైబ్రిన్ పోగులు మిగిలి తప్పుడు పాజిటివ్ రావచ్చు. కార్డు టెస్టుతో సరిపెట్టకుండా మెషీన్ మీదే చేస్తారు. అయితే జుట్టు కోసం బయోటిన్ బిళ్లలు వాడుతున్నారా అని కౌంటర్లో ఎవరూ అడగరు. కొన్ని మెషీన్లలో పెద్ద డోసు బయోటిన్ వల్ల, ఉన్న హెచ్‌బీఎస్‌ఏజీ కూడా లేనట్టు వస్తుంది. వాడేవాళ్లు మీరే ముందుగా చెప్పండి.

అసలు లోపం ప్యాకేజీ కూర్పులో, రిపోర్టులో ఉంది. హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ అని ముందే తెలిసినవాళ్లకు యాంటీ హెచ్‌బీఎస్ చేయడం దాదాపు డబ్బు దండగ. దీర్ఘకాలిక జబ్బులో ఆ యాంటీబాడీని తయారుచేయాల్సిన బి కణాలు ఒంట్లో ఉంటాయి గానీ, పీడీ-1 అనే బ్రేకు బిగుసుకుని, యాంటీబాడీలను విడుదల చేసే ప్లాస్మా కణాలుగా సరిగా మారలేవు. కాస్తో కూస్తో తయారైనా, లోపల వైరస్ లేని ఉత్త పైతొడుగు రేణువులు రక్తంలో లెక్కలేనన్ని తిరుగుతూ దాన్ని పట్టేసుకుంటాయి. కోర్ భాగాన్ని గుర్తించే బి కణాల సంగతి వేరు. అవి చురుగ్గానే ఉండి యాంటీ హెచ్‌బీసీని దండిగా ఉత్పత్తి చేస్తాయి. కాలేయంలో కూడా ఇవి చేరతాయి. కానీ కోర్ అనేది వైరస్ లోపలి గుల్ల. బయట తిరిగే యాంటీబాడీకి అది అందదు కాబట్టి, ఎంత ఉన్నా రక్షణ ఇవ్వదు.

అందుకే రిపోర్టులో ఉత్త ‘యాంటీబాడీ పాజిటివ్’ అని అచ్చువేయడం ప్రమాదం. ఏ యాంటీబాడీయో చూడకుండా ‘రక్షణ వచ్చేసింది’ అనుకునేవాళ్లే ఎక్కువ. కళ్లు పచ్చబడలేదని ధీమాగా ఉండటం, పచ్చబడితే పసరు తాగడం మన దగ్గర మామూలే. దానికి ఈ రిపోర్టు తోడైతే మందు మొదలుపెట్టడం మరింత వెనకబడుతుంది.

ఐజీఎం పెట్టి టోటల్ (అన్ని రకాలూ కలిపి చూసే) యాంటీ హెచ్‌బీసీ వదిలేయడం ఇంకా పెద్ద లోటు. ఐజీఎం కొత్తగా సోకినప్పుడో, పాత జబ్బు ఒక్కసారిగా విజృంభించినప్పుడో కనిపిస్తుంది. టోటల్ సాధారణంగా జీవితాంతం ఉంటుంది, ఎప్పుడో సోకి తగ్గినవాళ్లను పట్టిచ్చేది అదే. కొన్ని క్యాన్సర్లకు, కీళ్ల జబ్బుకు వాడే, బి కణాలను తుడిచిపెట్టే రిటుక్సిమాబ్ ఇంజెక్షన్ ఇచ్చే ముందు ఇది చూడకపోతే, కాలేయ కణాల్లో దాగిన వైరస్ తిరిగి లేచే ముప్పుంది.

లివర్ పేజీలో ఏ/జీ నిష్పత్తి (ఆల్బుమిన్‌కూ, యాంటీబాడీలుండే గ్లోబులిన్‌కూ మధ్య నిష్పత్తి) 1 కంటే తగ్గినా ఏ గుర్తూ పెట్టడం లేదు. కాలేయం ఆల్బుమిన్ తయారీలో వెనకబడి, ప్లాస్మా కణాల నుంచి యాంటీబాడీలు పెరిగితే ఇలా తిరగబడుతుంది. డాక్టరుకు ప్రత్యేకంగా చూపించాల్సిన అంకె ఇది.

ఉద్దానం నుంచి డయాలసిస్‌కు వెళ్లేవాళ్లకు మాత్రం ఈ ల్యాబ్ పనికొస్తుంది, ఎందుకంటే యాంటీ హెచ్‌బీఎస్‌ను అంకెతో ఇస్తారు. వాళ్లలో టీకాకు స్పందన మందంగా ఉంటుంది, అందుకే 40 మైక్రోగ్రాముల చొప్పున 0, 1, 2, 6 నెలల్లో వేస్తారు. చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు కొలిపించి, ఆపై ఏటా చూసుకోవాలి. మి.లీ.కు 10 మిల్లీ యూనిట్ల కంటే తగ్గితే బూస్టర్. టీకా వేయించుకున్న మూడు వారాల లోపు హెచ్‌బీఎస్‌ఏజీ చేయిస్తే టీకాలోని పదార్థమే పాజిటివ్‌గా కనిపించవచ్చు.

మొదటిసారి పరీక్ష చేయించుకునేవాళ్లు ప్యాకేజీ పక్కనపెట్టి హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ హెచ్‌బీఎస్, యాంటీ హెచ్‌బీసీ టోటల్ విడిగా అడగండి, చేసిస్తారు. పాజిటివ్ వస్తే తర్వాతి ఖర్చు ఇక్కడ పెట్టనక్కర్లేదు: 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్షలు, మందులు ఉచితం.