పొగతోట క్లినిక్: డాక్టరుకు అయిదు స్టార్లు, రిసెప్షన్‌కు ఒకటి

క్లినిక్ పేరు రాయను, ఎందుకంటే కింద వాళ్ల రిసెప్షన్‌ని తిట్టబోతున్నా. నెల్లూరు పొగతోటలో ఆ ఆసుపత్రుల మధ్యే ఉండే ఒక యూరాలజీ క్లినిక్ అనుకోండి.

నాకు 47 ఏళ్లు, కావలి దగ్గర రొయ్యల చెరువులు, షుగర్ వచ్చి ఆరేళ్లు. ఏడాదిగా అంగస్తంభన సరిగా ఉండటం లేదు. మొదట నిద్ర లేకనేమో అనుకున్నా, కరెంటు పోతే చెరువు నీళ్లలోకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగిపోతాయి కదా, సగం రాత్రుళ్లు గట్టు మీదే. తర్వాత సీజన్ అయిపోయి ఇంట్లో పడుకున్నా అంతే. మా ఆవిడ ఏమీ అనేది కాదు, అటు తిరిగి పడుకునేది.

గోడ మీద పోస్టరు చూసి ముందు ఒక లాడ్జి రూముకి పోయాను. అక్కడున్న 'వైద్యుడు' నాడి పట్టుకుని, నరాల బలహీనత, కుర్రతనంలో అలవాట్లు అని ఎనిమిది వేలు తీసుకున్నాడు. షుగర్ ఉందా అని కూడా అడగలేదు. ఇట్టాంటి ప్రకటనలు ఇవ్వకూడదని 1954 నుంచే చట్టం ఉందని తర్వాత తెలిసింది, గోడలకు మాత్రం తెలిసినట్టు లేదు. మూలికలన్న ఆ గోలీలు మొదట్లో పనిచేశాయి, కానీ వేసుకున్న ప్రతిసారీ ముఖం ఎర్రబడి, ముక్కు దిబ్బడేసి, తలనొప్పి.

ఇక క్లినిక్ సంగతి. రిసెప్షన్‌లో అమ్మాయి పదిహేను మంది ముందు "ఏం ప్రాబ్లమ్ అన్నా?" అని గట్టిగా అడిగింది. వెనకాల మా మేత డీలరు కూర్చుని ఉన్నాడు. "మూత్రంలో మంట" అనేశాను. ఆమె అదే రాసింది, డాక్టరు గారు అయిదు నిమిషాలు మూత్రం గురించే అడిగారు.

అసలు విషయం చెప్పాక ఆయన నవ్వలేదు. తెల్లవారుజామున లేస్తోందా, హఠాత్తుగా మొదలైందా మెల్లగానా, సిగరెట్లు ఎన్ని, బీపీకి ఏం మాత్రలు, ఇవన్నీ వరసగా అడిగారు. వయసు కుర్రాడై, తెల్లవారుజామున బాగానే ఉండి, భార్య దగ్గర మాత్రమే ఇబ్బందైతే ఎక్కువగా టెన్షనేనట. నాది మెల్లగా వచ్చింది, ఎప్పుడూ అంతే, కాబట్టి రక్తనాళాలూ షుగరూ చూడాలన్నారు. "మీ చెరువు పైపుల్లో సన్నది ముందు పూడుతుంది కదా, ఇదీ అంతే. అక్కడి ధమనులు ఒకటి రెండు మిల్లీమీటర్లు, గుండెవి మూడు నాలుగు" అన్నారు. అంటే ఇది గుండెకు ముందే మోగే గంట కావచ్చు. ఈసీజీ, కొలెస్ట్రాల్, మూడు నెలల సగటు షుగర్ (HbA1c) రాశారు. మగ హార్మోను టెస్టోస్టిరాన్‌కి పొద్దున్నే రక్తం ఇవ్వాలని మర్నాడు మళ్లీ రమ్మన్నారు, ఆ రోజు విసుక్కున్నా. ఈసీజీ బాగానే ఉంది, మూడు నెలల షుగర్ మాత్రం 9.4 శాతం.

లాడ్జి గోలీలు చూపిస్తే, మూలికల పేరుతో సిల్డెనాఫిల్, అంటే అంగస్తంభనకి ఇంగ్లీషు మందు, కలిపి అమ్మడం మామూలే, పరీక్ష చేయకుండా చెప్పలేను కానీ లక్షణాలు అట్టానే ఉన్నాయి అన్నారు. అదే మాత్ర, ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ బిళ్లలు వాడేవాళ్లు వేసుకుంటే బీపీ ప్రమాదకరంగా పడిపోతుందట. నాకు ఆ సిల్డెనాఫిల్‌నే సరైన మోతాదులో రాసిచ్చారు. గంట ముందు వేసుకోవాలి, చేపల పులుసుతో కడుపునిండా తిని వేసుకుంటే ఆలస్యమవుతుంది, కోరిక లేకపోతే పనిచేయదు. నాలుగు గంటలు దాటినా స్తంభన దిగకపోతే ఆసుపత్రికి పరిగెత్తాలి.

రెండోసారి మా ఆవిడనీ తీసుకుపోయాను. "నా మీద ఇష్టం తగ్గిందేమో అనుకున్నా డాక్టరు గారూ" అంది. ఏడాది పాటు అది మనసులో పెట్టుకుందని నాకు తెలియదు. "కాదమ్మా, రక్తం సరిగా పారడం లేదు" అని ఆమెకీ బొమ్మ గీసి చూపించారు.

ఫీజు 500, పరీక్షలకు ఇంకో మూడు వేల లోపు. మందులు తమ దగ్గరే కొనమని బలవంతం లేదు. నాలుగు నెలల్లో షుగర్ 7.6కి దిగింది, సిగరెట్లు రోజుకి రెండు మిగిలాయి, మాత్ర అవసరం తగ్గింది, పూర్తిగా పోలేదు.

ఒకటి రెండు రాత్రులు తేడా చేస్తే పరిగెత్తక్కర్లేదు గానీ, మూడు నెలలుగా ఇంతే అయితే వెళ్లండి, షుగర్, బీపీ ఉంటే అంతకంటే ముందే. మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తుంటే ముందు గుండె డాక్టరు దగ్గరికి. రిసెప్షన్‌లో అడిగితే "డాక్టరు గారికే చెప్తా" అనండి, నాలాగా మూత్రంలో మంట అన్నారంటే చేతికి ముందు డబ్బా ఇస్తారు.