రబ్బరు మొక్కకు గాలి అంటు: ప్లాస్టిక్ రూటింగ్ బాల్ కొనొచ్చా?

రబ్బరు మొక్క ఏపుగా పెరిగి, కింది ఆకులు రాలిపోయి, పైన మాత్రం గుబురు మిగిలితే గాలి అంటు (కొమ్మ మొక్కకు ఉండగానే దానికి వేర్లు రప్పించి, తర్వాత కోసి నాటడం) కట్టడమే మేలు. పాలిథిన్ కవరు, పురికొసలకు బదులు ఆన్‌లైన్‌లో కొమ్మకు పెట్టిన గాటు చుట్టూ తడి నాచును పట్టి ఉంచే రూటింగ్ బాల్స్ దొరుకుతున్నాయి. రెండు డిప్పలు, ఒక పక్క కీలు, రెండో పక్క నొక్కితే పట్టే క్లిప్పులు. 5, 8, 12 సెంటీమీటర్ల సైజులు ఉంటాయి. చిటికెన వేలంత లావు కొమ్మకు 8 సెంటీమీటర్లది తీసుకోండి. చిన్నదాంట్లో నాచు తొందరగా ఎండిపోతుంది. పెద్దది తడి బరువుకు కొమ్మను వంచేస్తుంది.

బాల్ ఎంత మంచిదైనా గాటు సరిగ్గా పడకపోతే వేరు రాదు. చివరి నుంచి అడుగు కిందకి, ఆకు కణుపుకు కాస్త దిగువన, రెండు సెంటీమీటర్ల ఎడంతో చుట్టూ రెండు గాట్లు పెట్టి మధ్య బెరడు వలిచేయండి. లోపల జారుడుగా తగిలే పొరను కత్తి వీపుతో గీకి, తెల్లటి చెక్క గరుకుగా తగిలేదాకా తీసేయాలి. చాలామందికి ఇక్కడే దెబ్బతింటుంది: ఆ పొర కాస్త మిగిలినా బెరడు మళ్లీ అతుక్కుపోతుంది, ఆకుల నుంచి దిగే ఆహారం గాటు దగ్గర ఆగదు, వేరు పుట్టదు. కారే పాలు చర్మానికి మంట పెడతాయి కాబట్టి గ్లవ్స్ వేసుకుని తడిగుడ్డతో తుడవండి. వేర్లు రప్పించే రూటింగ్ పౌడర్ గాటు పై అంచుకే రాయండి, వేర్లు వచ్చేది అక్కడే.

స్ఫాగ్నమ్ నాచును అరగంట నానబెట్టి, పిండితే రెండు మూడు చుక్కలే రాలేలా చేసి, రెండు డిప్పల్లోనూ ఖాళీ లేకుండా కూరి, గాటు లోపల ఉండేలా కొమ్మ చుట్టూ మూసేయండి. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) వద్దు. కన్నాల్లోంచి రాలిపోతుంది, కడగనిదైతే ఉప్పు కూడా ఉంటుంది.

పారదర్శకమైన డిప్ప ఉన్న బాల్‌లో వేర్లు బయటికే కనిపిస్తాయి. దీనికి నిజమైన లాభం ఇదే, కవరులా ఊరికే విప్పి చూడక్కర్లేదు. కానీ ఎండ తగిలితే లోపల వేడెక్కి పాకుడు పడుతుంది, అల్యూమినియం ఫాయిల్ చుట్టండి. క్లిప్పులను మాత్రం నమ్మలేం. పైన చెవుల్లోంచి కేబుల్ టై వేసి బిగించాల్సిందే.

విశాఖలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా అనువైన కాలం, గాలిలో తేమకు నాచు అంత త్వరగా ఆరదు. ఏప్రిల్, మే నెలల్లో కడితే నాలుగైదు రోజులకోసారి సిరంజితో 10 మిల్లీలీటర్ల నీళ్లు ఎక్కించాలి. అక్టోబరు, నవంబరు తుఫాను రోజులు. బెరడు తీసిన చోట కొమ్మ బలహీనంగా ఉంటుంది, పైగా బాల్ బరువు. బీచ్ రోడ్డు వైపు, ఎత్తయిన ఫ్లాట్ల బాల్కనీల్లో వెదురు కర్ర ఊతం కట్టకపోతే ఈదురుగాలికి అక్కడికక్కడే విరిగిపోతుంది.

ఒక్క కొమ్మకైతే కవరు చాలు. నాలుగైదు అంట్లు కట్టేవాళ్లకూ, ఏటా కట్టేవాళ్లకూ బాల్ కొనడం దండగ కాదు, కడిగి మళ్లీ వాడుకోవచ్చు.

ఆరు నుంచి ఎనిమిది వారాలకు వేర్లు డిప్ప గోడకు తగులుతాయి. తెల్లవి గోధుమరంగుకు తిరిగాకే బాల్‌కు దిగువన కోయండి. నాచు పీకకుండా, అలాగే ఆరంగుళాల కుండీలో పెట్టి, పెద్ద ఆకుల్లో సగం తీసేసి, రెండు వారాలు నీడలో ఉంచండి.