గురక టెస్టు ఇంట్లోనా, ల్యాబ్‌లోనా? పోలీసులకు ఏది మేలు?

మా అన్నయ్య బెంగళూరులో హెడ్ కానిస్టేబుల్. హొయ్సళ అనే పోలీసు గస్తీ బండి మీద డ్యూటీ, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. మాది బాగేపల్లి వైపు, ఇంట్లో తెలుగే. మొన్న వాళ్లింటికి వెళ్తే టీ గ్లాసు చేతిలో ఉండగానే కునుకు తీశాడు. వేడి టీ ఒళ్లో ఒలికాక గానీ మెలకువ రాలేదు.

"పోలీసోడికి నిద్ర రావడం కూడా జబ్బేనా?" అన్నాడు.

వదిన ఏమీ అనకుండా ఫోన్‌లో వీడియో పెట్టింది. పెద్ద గురక, ఉన్నట్టుండి నిశ్శబ్దం. పొట్ట ఎగసి పడుతోంది గానీ ఊపిరి లేదు. ఇరవై రెండు దాకా లెక్కపెట్టాను. అప్పుడు ఒక్కసారిగా గాలి పీల్చి మళ్లీ గురక మొదలుపెట్టాడు.

ఇలా కనీసం 10 సెకన్లు ఊపిరి ఆగిపోతే దాన్ని ఆప్నియా అంటారు. 2011లో అచ్చయిన ఒక అధ్యయనంలో అమెరికా, కెనడా పోలీసులు దాదాపు 5 వేల మందిని పరీక్షిస్తే, మూడో వంతు మందికి స్లీప్ ఆప్నియా ఉండొచ్చని తేలింది. స్టీరింగ్ పట్టుకునే మనిషికి ఇది చిన్న విషయం కాదు.

ఇంటి టెస్టు సులువు. వేలికి క్లిప్పు, ముక్కు దగ్గర సన్నటి ట్యూబు, ఛాతీకి బెల్టు, అంతే. సెలవు దొరకని వాళ్లకు ఇదే కుదురుతుంది. గట్టిగా గురకపెట్టి పగలు తూలేవాళ్లు ముందు దీంతో మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం. గుండె బలహీనత, పక్షవాతం, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం నేరుగా ల్యాబ్‌కే వెళ్లాలి.

ల్యాబ్‌లో తలకు, కళ్ల పక్కన, గడ్డానికి, కాళ్లకు కూడా వైర్లు పెడతారు. కొత్త చోట, అన్ని వైర్లతో నిద్ర పట్టడం కష్టమే. కానీ నిజంగా ఎంతసేపు నిద్రపోయారో చెప్పేది అదే. జబ్బు తీవ్రంగా ఉంటే అదే రాత్రి సీప్యాప్ మాస్కు (గొంతు మూసుకుపోకుండా ఒత్తిడితో గాలి పంపేది) పెట్టి ఎంత ప్రెజర్ సరిపోతుందో కూడా చూడొచ్చు.

ఆ నిద్ర లెక్క దగ్గరే పోలీసులకు చిక్కు. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగింది, తగ్గింది అన్నదే స్కోరు. 5 నుంచి 15 లోపు తక్కువ స్థాయి, 15 నుంచి మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. ఇంటి మెషీన్లు చాలావరకు నిద్రను చూడవు, రికార్డయిన గంటలతోనే భాగిస్తాయి. 7 గంటలు రికార్డయి 60 సార్లు ఆగితే స్కోరు 9 లోపే. మనిషి నిద్రపోయింది 4 గంటలే అయితే అసలు స్కోరు 15. నైట్ డ్యూటీలకు అలవాటుపడ్డ ఒళ్లు సెలవు రాత్రి పదింటికే నిద్రపోతుందా?

అన్నయ్యకు అదే జరిగింది. నైట్ డ్యూటీ వారం అయిన మర్నాడే ఇంటి టెస్టు చేయించుకున్నాడు. స్కోరు 8 వచ్చింది. "చూశావా, ఏమీ లేదు" అని రిపోర్టు వదిన ముందు పెట్టాడు. డాక్టర్ మాత్రం ఒక్కటే అడిగారు: "ఆ రాత్రి ఎన్నింటికి నిద్రపట్టింది?" రెండు దాటిందట.

అందుకే ఇంటి టెస్టు పగటి డ్యూటీ కొన్నాళ్లు చేశాక పెట్టుకోండి. పడుకున్న టైము, నిద్రపట్టిన టైము రాసిపెట్టండి. ఊపిరి ఆగడం ఇంట్లోవాళ్లు కళ్లారా చూశాక కూడా రిపోర్టు బాగుందని వస్తే, ల్యాబ్ టెస్టు అడగండి.

అన్నయ్యకు ల్యాబ్‌లో వచ్చే గురువారం డేటు దొరికింది. ఆ రోజు ఎవరితోనూ డ్యూటీ మార్చుకోవద్దని వదిన ఇప్పటికే రెండుసార్లు చెప్పింది.